గ్రంథాలయ కేటలాగ్‌లో లాగిన్ లింకు ఎక్కడ ఉండాలి?

(కళాశాల గ్రంథాలయాధికారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కార్యక్రమ పత్రంలో నా ప్రసంగ విషయం చూసిన ఒక మిత్రుడు పొద్దున టీ దగ్గర, "ఒక లింకు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ముప్పావు గంట కావాలా మాస్టారూ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నేను ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. మా పుస్తకాల జాబితా, అంటే కేటలాగ్, పాఠకులకు తెర మీద కనిపించేది అందులోనే. కేటలాగ్ విషయమై ఇష్యూ కౌంటర్ దగ్గరకు వచ్చే ఫిర్యాదులలో సగానికి సగం లాగిన్ గురించే అనిపించేది. అవన్నీ పాస్‌వర్డ్ మరచిపోయినవారి ఫిర్యాదులని నేను భావించేవాణ్ణి. వాటిలో చాలావరకు పాస్‌వర్డ్‌కు సంబంధించినవి కావని, లాగిన్ పెట్టె ఉన్న చోటుకు సంబంధించినవని తెలుసుకోవడానికి నాకు ఒక విద్యార్థిని సాయపడింది.

ఆ సంవత్సరం తరగతులు మొదలైన కొత్తలో ఆ అమ్మాయి కౌంటర్ దగ్గరకు వచ్చి, "సార్, ఎకనామిక్స్ పుస్తకం ఉందో లేదో చూసుకోవాలి, పాస్‌వర్డ్ ఇస్తారా?" అని అడిగింది. పుస్తకం ఉందో లేదో చూడటానికి పాస్‌వర్డ్ అక్కరలేదమ్మా అంటే, "అడుగుతోంది కదా సార్" అంది. వెళ్లి చూశాను. మా కేటలాగ్ మొదటి పేజీలో పైన సెర్చ్ బాక్స్ ఉంది. కానీ అది సన్నని పట్టీలా పేజీ పొడవునా సాగి, అలంకారంలో కలిసిపోయింది. కుడివైపున మాత్రం లాగిన్ అనే శీర్షిక, దాని కింద రెండు ఖాళీ గడులు, వాటి కింద ముదురు రంగు బటన్ ఉన్నాయి. ప్రవేశ దరఖాస్తు మొదలుకొని స్కాలర్‌షిప్ దరఖాస్తు దాకా ఎన్నో ఫారాలు నింపి కళాశాలకు వచ్చిన పిల్లలకు ఖాళీ గడి కనిపిస్తే ముందు దాన్ని నింపాలనే తోస్తుంది. ఆ అమ్మాయి పొరపాటు అందులో ఏమీ లేదు. వాకిట్లో తాళం వేలాడదీసి, తలుపు తీసే ఉందని కౌంటర్ వెనక నుంచి చెబుతున్నది నేనే.

ఆ మధ్యాహ్నం, పాఠకులు కేటలాగ్ చూసుకునే ఓపాక్ కంప్యూటర్ వెనక కుర్చీ వేసుకుని, ఎవరికీ సలహా చెప్పకుండా, వచ్చినవారు ఎక్కడ నొక్కుతున్నారో చూస్తూ కూర్చున్నాను. వెతకడానికి వచ్చిన కొందరు లాగిన్ గడులలో హాల్‌టికెట్ నంబర్ కొట్టి, అది పనిచేయక లేచి వెళ్లిపోయారు. ఒక అబ్బాయి లాగిన్ గడిలోనే పుస్తకం పేరు కొట్టాడు. మీరంతా మీ గ్రంథాలయాలకు తిరిగి వెళ్లాక దయచేసి ఒక పూట ఇలా కూర్చోండి. నేను ఇక్కడ ఎంతసేపు చెప్పినా అంత బాగా తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కేటలాగ్‌లో లాగిన్ దేనికి? పుస్తకం వెతకడానికి కాదు. అది ఏ బీరువాలో ఉందో, దాని వర్గీకరణ సంఖ్య ఏమిటో, ఎన్ని ప్రతులున్నాయో, అవి బయటకు వెళ్లాయో లోపల ఉన్నాయో తెలుసుకోవడానికీ కాదు. తాను తీసుకున్న పుస్తకాలు ఎప్పుడు తిరిగి ఇవ్వాలో చూసుకోవడానికి, గడువు పొడిగించుకోవడానికి, వేరొకరి దగ్గరున్న పుస్తకాన్ని రిజర్వ్ చేసుకోవడానికి, ఫైన్ ఎంత పడిందో తెలుసుకోవడానికి, ఫలానా పుస్తకం కొనమని సూచించడానికి, తనకు కావలసిన పుస్తకాల జాబితా దాచుకోవడానికి మాత్రమే లాగిన్ కావాలి. అంటే ఊరందరికీ చెందిన కేటలాగ్ మధ్యలో ఒక్కొక్క పాఠకుడికి చెందిన చిన్న సొంత గది ఉందన్నమాట. ఆ గది తలుపు ఎక్కడ ఉండాలన్నదే మన ప్రశ్న. ఆ తలుపును మొత్తం భవనానికి సింహద్వారంగా పెట్టకూడదన్నది నా మొదటి మాట.

మనలో అందరం గ్రంథాలయ శాస్త్రంలో రంగనాథన్ గారు చెప్పిన పంచసూత్రాలు చదువుకుని వచ్చినవాళ్లమే. 1931లో ప్రచురితమైన ఆ సూత్రాలలో నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. ఆ సూత్రాన్ని మనం బీరువాల అమరికకు, పాఠకుడే బీరువా నుంచి పుస్తకం తీసుకునే ఓపెన్ యాక్సెస్‌కు, కేటలాగ్ కార్డులకు అన్వయించి పరీక్షలలో జవాబులు రాశాం. తెరమీది కేటలాగ్‌కు అన్వయించవలసి వచ్చేసరికి మాత్రం సాఫ్ట్‌వేర్ ఎలా వచ్చిందో అలాగే వదిలేస్తున్నాం. ఓపెన్ యాక్సెస్ ఉన్న మన గ్రంథాలయాలలో ఇష్యూ కౌంటర్ ఎక్కడ ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ద్వారం పక్కన, లోపలికి వచ్చేవారికీ బయటకు వెళ్లేవారికీ కనిపించేలా, కానీ దారికి అడ్డం కాకుండా ఉంటుంది. పుస్తకం చేతిలోకి తీసుకోకముందే "మీ టికెట్ ఏదీ?" అని ఎవరూ అడగరు, ఇంటికి పట్టుకెళ్లేటప్పుడు అడుగుతారు. కౌంటర్‌ను అక్కడ పెట్టినవారి ఆలోచనే కేటలాగ్ పేజీకీ సరిపోతుంది.

కోహాలో ఈ విషయం ఎలా ఉంటుందో చెబుతాను. ఈ సభలో ఎక్కువమంది వాడేది అదే. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ వారి పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదని తేలినప్పుడు, కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ 1999లో వారి కోసం కోహాను తయారు చేసింది. 2000 జనవరిలో అది వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. మూల సంకేతం (సోర్స్ కోడ్) అందరికీ తెరిచి ఇచ్చారు కాబట్టి దాన్ని మార్చుకునే హక్కు కూడా ఆ కానుకలో భాగమే. డీఫాల్ట్‌గా వచ్చిన పేజీని శిలాశాసనంలా చూడనక్కరలేదు. మన హైదరాబాదులో తయారై 2008లో ఓపెన్ సోర్స్‌గా మారిన న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వాడేవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

కోహా ఓపాక్‌లో లాగిన్ మామూలుగా రెండు చోట్ల కనిపిస్తుంది. అన్ని పేజీలలోనూ పై పట్టీలో కుడి చివర ఒక లింకు ఉంటుంది. మొదటి పేజీలో మాత్రం దానికి తోడు కుడి నిలువు వరుసలో గడులతో కూడిన లాగిన్ బాక్స్ ఉంటుంది. మొదటిది ఉండవలసిందే. రెండవదాన్ని నేను తీసేశాను. తీసేశాక పాస్‌వర్డ్ కోసం వచ్చేవారు తగ్గారు, రెన్యువల్ చేసుకునేవారు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే సొంత ఖాతా కావలసినవారు పై మూలలో దాన్ని వెతికి పట్టుకోగలిగారు. లెక్కలు వేసి చెప్పడం లేదు, కౌంటర్‌లో కూర్చున్న మనిషిగా చూసింది చెబుతున్నాను.

కుడి పై మూలే ఎందుకు అని అడగవచ్చు. దీనికి సమాధానంగా కొందరు 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించిన సూత్రాన్ని చెబుతారు. ఒక లక్ష్యాన్ని చేరడానికి పట్టే సమయం దాని దూరం మీద, పరిమాణం మీద ఆధారపడుతుందన్నది దాని సారం. తెర అంచుకు తగిలి మౌస్ బాణం ఆగిపోతుంది కాబట్టి మూలలు సులువుగా అందుతాయన్నది దాని నుంచి తీసిన మాట. వెబ్ పేజీకి ఇది అంతగా వర్తించదని నా అభిప్రాయం. పేజీ మూల తెర మూల కాదు. దాని పైన బ్రౌజర్ ట్యాబులు, చిరునామా పట్టీ ఉంటాయి, మౌస్ బాణం అక్కడ ఆగదు, దాటిపోతుంది. కుడి పై మూలకు ఉన్న బలం చేతి కదలికలో లేదు, అలవాటులో ఉంది. జీమెయిల్‌లో మన ఖాతా గుర్తు అక్కడే ఉంటుంది. కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు వికీపీడియాలోనూ లాగిన్ పైనే, కుడి చివరనే ఉంటుంది. వికీపీడియా మనకు ఇంకో పాఠం కూడా చెబుతోంది. అక్కడ ఎవరైనా ఏ పేరూ చెప్పకుండా ఎంతైనా చదువుకోవచ్చు, లాగిన్ ఒక మూల ఒదిగి ఉంటుంది, అయినా కావలసినవారెవరికీ అది కనబడకుండా పోలేదు. "లాగిన్ చిన్నదిగా మూలన పెడితే పిల్లలు చూడరండీ" అనే ప్రిన్సిపాల్ గారికి ఈ ఉదాహరణ చూపించండి.

ఒక షరతు మాత్రం తప్పదు. ఆ లింకు మొదటి పేజీలో ఎక్కడ ఉందో ఫలితాల పేజీలోనూ, ఒక్కో పుస్తకం వివరాల పేజీలోనూ, సంస్థ పరిచయం పేజీలోనూ అక్కడే ఉండాలి. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు ప్రపంచమంతటా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు కూడా పేజీ పేజీలోనూ తిరిగి వచ్చే లింకులు ఒకే వరుసలో ఉండాలంటాయి. లాగిన్ అయిన తరువాత ఆ చోటే ఖాళీ అయిపోకూడదు. పాఠకుడి పేరు, దాని కింద ఖాతా, లాగౌట్ ఆ చోటే రావాలి. లోపలికి వెళ్లిన తలుపులోంచే బయటకు రావాలని మనిషి అనుకుంటాడు.

ఇక లాగిన్ ఉండవలసిన రెండవ చోటు. నా దృష్టిలో అసలైన కీలకం ఇక్కడ ఉంది. పాఠకుడు పుస్తకం వెతికాడు, దొరికింది, కానీ ఎవరో తీసుకెళ్లారు, రిజర్వ్ చేసుకుందామనుకున్నాడు. అతనికి లాగిన్ అవసరం పడింది ఆ క్షణంలో, ఆ బటన్ దగ్గర. అప్పుడు అతన్ని పై మూలకు పంపకూడదు. కోహా ఈ పని చక్కగా చేస్తుంది. లాగిన్ కాకుండానే రిజర్వ్ లింకు కనిపిస్తుంది, దాన్ని నొక్కితే అప్పుడు కార్డు నంబర్, పాస్‌వర్డ్ అడుగుతుంది, అవి సరిగా ఇస్తే అదే పుస్తకం రిజర్వ్ పేజీకి తీసుకెళుతుంది. అంటే కేటలాగ్‌లో లాగిన్‌కు రెండు రకాల చోట్లు ఉండాలి: ఎప్పుడూ కదలని చోటు ఒకటి, అవసరం పుట్టిన చోటు మరొకటి. ఈ రెండవదాన్ని చాలామంది పట్టించుకోరు. లాగిన్ కానివారికి రిజర్వ్ బటన్‌ను దాచేసిన కేటలాగ్‌లు నేను చూశాను. అలాంటి కేటలాగ్ వాడే విద్యార్థికి ఆ సదుపాయం ఉందని నాలుగేళ్లయినా తెలియదు. ఒక గ్రంథాలయంలోనైతే, పేరు చెప్పను, రిజర్వ్ నొక్కినవారు లాగిన్ అయ్యాక మొదటి పేజీకి వచ్చి పడేవారు. అంతకుముందు వెతికిన పుస్తకం, పెట్టుకున్న వడపోతలు, తెరిచిన ఐదో పేజీ అన్నీ పోయేవి. ఆ విద్యార్థి మళ్లీ మొదటినుంచి వెతుకుతాడా? నేనైతే వెతకను, కౌంటర్‌కు వచ్చి మీతో తగవు పెట్టుకుంటాను. కాబట్టి లింకు చోటు సరిచూసేటప్పుడు అది ఎక్కడ ఉందో చూడటంతో పాటు, లాగిన్ అయ్యాక మనిషి ఎక్కడ తేలుతున్నాడో కూడా చూడండి.

ఫోన్ల సంగతి. మన విద్యార్థులు కేటలాగ్ చూసేది చాలావరకు చేతిలో ఉన్న ఫోన్‌లోనే. పెద్ద తెర మీద కుడి పై మూలన ఉన్న లింకు, చిన్న తెర మీద చాలా సైట్లలో మూడు గీతల గుర్తు వెనక దాక్కుంటుంది. మొదటి పేజీ కుడి వరుసలోని లాగిన్ బాక్స్ అయితే చిన్న తెర మీద ప్రకటనలు, కొత్త పుస్తకాల బొమ్మలు అన్నీ దాటాక ఎక్కడో అడుగున తేలుతుంది. కంప్యూటర్‌లో అందరికీ అడ్డం వచ్చే పెట్టె, ఫోన్‌లో ఎవరికీ దొరకని పెట్టె అవుతోంది! ఫోన్‌లో శాఖల జాబితా, సంస్థ పరిచయం లాంటివి మూడు గీతల వెనక్కు పోయినా ఫరవాలేదు. మనిషి గుర్తు ఉన్న లాగిన్ లింకు మాత్రం పై పట్టీలో కనబడుతూ ఉండాలి. వేలితో నొక్కేది కాబట్టి పరిమాణం కూడా చూడాలి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. అది కనీసం మాత్రమే, నా బొటనవేలికి అది చాలదు.

చోటు ఒక ఎత్తయితే, ఆ చోట రాసే మాట ఇంకో ఎత్తు. మేము పేజీని తెలుగులోకి మార్చుకున్నప్పుడు ఉత్సాహం కొద్దీ లాగిన్ బదులు "ప్రవేశం" అని రాశాను. వారం తిరగకుండానే ఒక తండ్రి ఫోన్ చేసి, గ్రంథాలయం పేజీలో ప్రవేశం నొక్కితే దరఖాస్తు రావడం లేదేమిటని అడిగారు. కళాశాలలో ప్రవేశం అంటే అడ్మిషన్ అని నాకు తోచనందుకు నవ్వుకుని, మళ్లీ "లాగిన్" అనే పెట్టాను. పదో తరగతి పిల్లవాడికీ తెలిసిన ఆ మాటను తరిమేయనక్కరలేదు. అయితే "లాగిన్" అన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు కాబట్టి "నా ఖాతా" అనో, ఇంకా మంచిది "నేను తీసుకున్న పుస్తకాలు" అనో రాయవచ్చు. ఇక్కడ చోటు మళ్లీ అడ్డం వస్తుంది. మాట పొడవైతే సన్నని పై పట్టీలో రెండు వరుసలుగా విరిగి కింది వరుస కోసుకుపోతుంది. పైగా ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు తగ్గట్టు కొలిచి చేసిన పట్టీలో మన గుడులు పైన, వత్తులు కింద తెగిపోతాయి. "పుస్తకాలు" అన్న మాటలో స-కింద త-వత్తు కనబడని పేజీలను మీరూ చూసే ఉంటారు. పట్టీ ఎత్తు పెంచమని అడగడానికి మొహమాటపడకండి.

లాగిన్ అన్న మాటతో వచ్చే ఇంకొక చిక్కు, మన పిల్లలకు లాగిన్‌లు చాలా ఉండటం. కళాశాల పోర్టల్‌కు ఒకటి, కళాశాలలకు ఈ-వనరులు అందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి ఎన్-లిస్ట్ ద్వారా ఈ-పుస్తకాలు, ఈ-పత్రికలు చదవడానికి ఇంకొకటి, కేటలాగ్‌కు మరొకటి. వీటన్నిటినీ గ్రంథాలయం పేజీలో ఒకే వరుసలో "లాగిన్", "లాగిన్", "లాగిన్" అని పేర్చిన చోట్లున్నాయి. ఎన్-లిస్ట్ లింకును ఈ-వనరుల పేజీలో, దాని పేరుతోనే పెట్టండి. కేటలాగ్ పై మూలలో కేటలాగ్ ఖాతా ఒక్కటే ఉండాలి. ఇక సిబ్బంది లాగిన్‌ను పాఠకుల పేజీలో పెట్టడం ఎంతమాత్రం తగదు. సిబ్బంది వైపు వేరే చిరునామా ఉంది, అది తెలియవలసినవారు నలుగురైదుగురే, వారి బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసుకుంటే సరిపోతుంది. అందరికీ కనబడేలా ఆ తలుపు చూపిస్తే విద్యార్థి తన నంబర్ అక్కడ కొట్టి విసుగుపడటం ఒక్కటే కాదు, తాళాలు విప్పడం సరదాగా ఉన్నవాడికి దారి చూపినట్టు కూడా అవుతుంది.

చూపు లేని పాఠకుల విషయం ఇక్కడే చెప్పాలి. వారికి కుడి, ఎడమ, మూల అన్నవి ఉండవు, వరుస ఒక్కటే ఉంటుంది. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ పేజీ సంకేతంలో ఏది ముందుంటే దాన్ని ముందు చదువుతుంది. తెర మీద పైకి కనబడేలా, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌తో జరిపిన లింకు, సంకేతంలో చివర ఉంటే వారికి చివరే వినబడుతుంది. కాబట్టి లింకును జరపదలిస్తే కంటికి మాత్రమే జరిపి ఊరుకోకుండా, ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్లి అది ఎన్నో నొక్కుకు వస్తోందో చూడండి. ఎన్‌వీడీఏ వాడేవారు పేజీలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా తెప్పించుకుంటారు. ఆ జాబితాలో "ఇక్కడ నొక్కండి" అన్నది ఎవరికీ పనికిరాదు, "లాగిన్, నా ఖాతా" అన్నది పనికొస్తుంది.

కోహాలో ఇవన్నీ మార్చుకునే చోట్లు చెప్పి ముగిస్తాను. మొదటి పేజీ లాగిన్ బాక్స్ వద్దనుకున్నవారు "ఓపాక్‌యూజర్‌లాగిన్" అనే ప్రిఫరెన్స్‌ను, అంటే కోహా అమరికను, ఆపేస్తే పని అయిపోతుందని పొరబడతారు. నేనూ మొదట అదే చేశాను. దాన్ని ఆపితే బాక్స్ ఒక్కటే పోదు, పాఠకుల లాగిన్ మొత్తం పోతుంది. రెన్యువల్ లేదు, రిజర్వ్ లేదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నాకు సంగతి తెలియలేదు. బాక్స్‌ను మాత్రమే దాచాలంటే "ఓపాక్‌యూజర్‌సీఎస్ఎస్" ప్రిఫరెన్స్‌లో ఒకటి రెండు పంక్తులు రాస్తే చాలు. "ఓపాక్‌పబ్లిక్" అనే ప్రిఫరెన్స్ ఇంకొకటి ఉంది. దాన్ని ఆపితే లాగిన్ లేకుండా కేటలాగ్ అసలు తెరుచుకోదు. భద్రత పేరిట దాన్ని ఆపిన కళాశాలలు ఉన్నాయి. పుస్తకాల పేర్లు రహస్యమెలా అయ్యాయో వారే చెప్పాలి. పాస్‌వర్డ్ మరచినవారికి తామే కొత్తది పెట్టుకునే సదుపాయం "ఓపాక్‌రీసెట్‌పాస్‌వర్డ్‌"తో వస్తుంది; ఆ లింకు లాగిన్ గడుల కిందే, వాటికి ఆనుకునే కనబడాలి. కార్డు నంబర్ అంటే మీ దగ్గర హాల్‌టికెట్ నంబరా, అడ్మిషన్ నంబరా అన్నది కూడా ఆ గడుల పక్కనే ఒక పంక్తిలో రాయండి.

మీ ముందున్న కంప్యూటర్లలో మీ మీ కళాశాలల కేటలాగ్‌లు తెరిచి ఉన్నాయి. భోజన విరామానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. పక్కనున్నవారి కేటలాగ్‌లో లాగిన్ కాకుండా ఒక పుస్తకం వెతికి, దాన్ని రిజర్వ్ చేయడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాసి, ఆ కేటలాగ్ నడిపేవారికే ఇవ్వండి. తిట్లుంటే అవి కూడా రాయవచ్చు.